లీటర్ డీజిల్ ఎంతమంది కూలీల పెట్టు? మా కోతల్లో పుట్టిన డౌటు, తెలిసినోళ్లు చెప్పండి

కోవూరుకుర్రోడు | శనివారం రాత్రి 9:12
అందరికీ నమస్తే. మొన్న గురువారం మా నాలుగెకరాల వరి కోయించాం, చైన్ మీద నడిచే కోత మిషన్‌తో. మంచు ఆరినాక పదకొండుకి చేలో దిగింది, మూడున్నరకల్లా వడ్లు ట్రాక్టర్ తొట్టిలో ఉండాయి. గంటకి మూడు వేలు, నాలుగున్నర గంటలు, పదమూడు వేల ఐదొందలు. డ్రైవర్ తమిళనాడు కుర్రోడు, నాకన్నా చిన్నోడు, చెవుల్లో పాటలు పెట్టుకోని ఒక్కడే. మధ్యలో ఆపి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు పోశాడు, అంటే నలభై లీటర్లు తాగింది.

మా నాయన గెనిమ మీద కూర్చోని అన్నాడు, ఇదే చేనికి ఒకప్పుడు కోత, కట్టేత, కుప్పేసేది, నూర్చేది, తూర్పారబట్టేది అన్నీ కలిపి అరవై డెబ్బై కూలీలు పడేవంట, మీ అమ్మ పెద్ద డేగిసాతో అన్నం వండి మోసుకొచ్చేది అని. అంతమంది చేసిన పని నలభై లీటర్ల నూనె చేసేసింది గదా.

నాకేమనిపించిందంటే సంపద అనేదంతా ఈ డీజిల్లోంచి బొగ్గులోంచి వస్తా ఉండాది, మనిషి ఊరికే స్టీరింగ్ పట్టుకోని కూర్చున్నాడు. కష్టపడితే పైకొస్తావురా అని చిన్నప్పట్నుంచి చెప్తారే, కష్టపడేది డీజిల్ అబ్బా, మనం కాదు. తప్పైతే లెక్కతో చెప్పండి, తిట్లు వద్దు.

బుచ్చిమాస్టారు | శనివారం రాత్రి 10:05
అబ్బాయ్, బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, లెక్క అడిగితే ఊరుకోలేను.

మనిషి పొద్దస్తమానం ఆగకుండా చేయగలిగిన పని సుమారు 75 వాట్లు. ఇంట్లో పాత సీలింగ్ ఫ్యాన్ తినేది కూడా అంతే. ఎనిమిది గంటలు చేస్తే 0.6 యూనిట్. అంటే ఒక కూలి మనిషి రోజంతా వంగి లేచి చేసిన పని ముక్కాలు యూనిట్ కూడా కాదు. కరెంటు బిల్లులో అది నాలుగైదు రూపాయలు.

ఇక లీటర్ డీజిల్లో ఉన్న వేడి దాదాపు 10 యూనిట్లు. కానీ ఇంజన్ అందులో మూడో వంతు కూడా పనికి ఇవ్వదు, మిగతాదంతా సైలెన్సర్లోంచి రేడియేటర్లోంచి గాలికే. కాబట్టి 3 యూనిట్లు అనుకో, 0.6తో భాగించు, ఐదుగురు కూలీల ఒకరోజు పని. నీ నలభై లీటర్లు రెండొందల కూలీలు. మీ నాయన చెప్పింది అరవై డెబ్బై. మరి ఆ మిగతా నూట ముప్పై మంది ఏమయ్యారు? ఆ మిషన్ టన్నుల బరువు, బురదలో తనని తాను ఈడ్చుకుంటూ తిరగాలి, గడ్డిని పనికిమాలినంత గట్టిగా కొట్టాలి. కొడవలి పట్టిన మనిషి వెన్ను కాకుండా ఎక్కడ కోయాలో అక్కడే కోస్తాడు. పొదుపులో మనిషే మేలు, ఖరీదులో డీజిల్ మేలు. ఈ రెండూ వేరు వేరు సంగతులు, కలపబాక.

పిల్లలకి జౌల్ అంటే ఎక్కేది కాదు. ఒకసారి తొమ్మిదో తరగతి వాళ్లని ఊరి వాటర్ ట్యాంక్ దగ్గరికి తీసుకుపోయా. యాభై కిలోల పిల్లవాడు పది మీటర్ల మెట్లు ఎక్కితే 4,900 జౌళ్లు. ఒక్క యూనిట్ కరెంటుకి సరిపడా ఎక్కాలంటే 735 సార్లు ఎక్కాలి. నలుగురు మొగపిల్లలు పందెం కట్టి ఎక్కారు, పదకొండో సారికే మెట్ల మీద కూలబడ్డారు. అప్పుడు సోడా సీసా మూత చూపించి, ఇందులో పట్టే ఐదు మిల్లీలీటర్ల డీజిల్ ఇంజన్లో పోస్తే వచ్చే పని మీరిప్పుడు ఎక్కిన పదకొండు సార్లకి సరి అన్నా. ఒకడు మూత వాసన చూశాడు. ఆ సాయంత్రం వాడి తల్లి మా ఇంటికొచ్చి కాళ్ల నొప్పులతో పిల్లోడు పడుకోలేదని గొడవ, అది వేరే కథ.

సైలెంట్‌రీడర్ | శనివారం రాత్రి 10:11
మాస్టారూ మా ఇంట్లో ఐదు ఫ్యాన్లు, అంటే ఐదుగురు పనోళ్లు తిరగతా ఉండారన్నమాట రాత్రంతా 😂 బిల్లు చూసి మా నాయన అరిస్తే ఇదే చెప్తా

కోవూరుకుర్రోడు | శనివారం రాత్రి 10:20
థాంక్స్ మాస్టారూ. అంటే నా మాటే నిలబడింది గదా. ఐదుగురు కూలీలకి ఇప్పుడు మా దగ్గర ఏడొందల లెక్కన మూడు వేల ఐదొందలు, లీటర్ డీజిల్ వంద లోపే. ముప్పై ఐదు రెట్లు తేడా. కృష్ణపట్నం దగ్గర థర్మల్ కరెంటు ప్లాంటులో ఒక్కో మిషన్ 800 మెగావాట్లు, దాన్ని మీ 75తో భాగించి చూశా, కోటి మంది పైన ఒకేసారి చక్రం తిప్పినట్టు! అదీ మూడు షిఫ్టులు. రాష్ట్రంలో ముసలీ ముతకా అందరం కలిసినా ఐదు కోట్లు. ఇంకా మనిషి కష్టం మనిషి కష్టం అంటారేంది.

ఉప్పుకొఠారు | శనివారం రాత్రి 11:40
ఇసకపల్లి సైడు మాది, మూడు తరాల నుంచి ఉప్పు కొఠార్లే. మీ లెక్కలు చూసినాక నిద్ర పట్టలా, నాదీ ఒకటి వేశా, మాస్టారు దిద్దాలి.

సముద్రపు నీళ్లు లీటర్లో ఉప్పు ముప్పై ఐదు గ్రాముల లోపు. కిలో ఉప్పు కావాలంటే ముప్పై లీటర్ల నీళ్లు ఆవిరి కావాలి. అది పొయ్యి మీద పెట్టి మరగబెడితే ఎంత డీజిల్ కావాలి? నాకు తెలిసినంతలో కిలోకి రెండు లీటర్లు వచ్చింది. డెబ్బై ఐదు కిలోల బస్తాకి నూటయాభై లీటర్లు. పదిహేను వేల రూపాయల నూనె!

బస్తా మాకు మడి దగ్గర రెండొందలు పలికితే ఆ ఏడు పండగ.

కాబట్టి కోవూరు తమ్ముడూ, ఎనర్జీ పడితే సంపద పుడతాదంటే నా అంత ధనవంతుడు నెల్లూరు జిల్లాలో ఉండకూడదు. రోజూ నా మడుల మీద పడే ఎండ ఎన్ని వేల లీటర్లో లెక్కే లేదు. మరి ఆ డబ్బు యాడ పోయింది? మా నాయన అరికాళ్లు చూస్తే తెలస్తాది, ఉప్పులో నడిచి నడిచి చెప్పు తోలు మాదిరి అయిపోయినాయి.

బుచ్చిమాస్టారు | ఆదివారం ఉదయం 6:30
ఉప్పు బాబూ, లెక్క సరిగ్గా ఉంది. లీటర్ నీళ్లు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్లు. ముప్పై లీటర్లకి 72, అంటే 20 యూనిట్ల వేడి, రెండు లీటర్ల డీజిలే. ఇన్నేళ్లు ఆవిరి పాఠం చెప్పి ఈ ఉదాహరణ నాకే తట్టలా, సిగ్గేస్తోంది.

కోవూరుకుర్రోడు | ఆదివారం ఉదయం 7:02
అన్నా అది ఎండ, ఊరికే వచ్చేది, అందరికీ వచ్చేది. నేను చెప్పేది ఇంధనం గురించి

కాలేజీఅక్క | ఆదివారం ఉదయం 9:15
ఆగు తమ్ముడూ, ఇప్పుడే నువ్వు అసలు మాట అన్నావు, నీకే తెలియకుండా. "ఊరికే వచ్చేది, అందరికీ వచ్చేది." నెల్లూరులో డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను, ఈ ఒక్క చోట మా సబ్జెక్ట్ కూడా తడబడుతుంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి.

డీజిల్‌కి మనం ఇచ్చే వంద దేనికి? తోడినందుకు, ఓడలో తెచ్చినందుకు, శుద్ధి చేసినందుకు, పన్నులు, బంకు కమీషన్. ఆ నూనె తయారవడానికి భూమిలోపల కోట్ల ఏళ్లు పట్టింది, ఆ పనికి ఎవరూ రూపాయి కట్టలేదు, అడిగేవాడు లేడు. కూలి మనిషికి మాత్రం రేపు మళ్లీ పనికి రావాలంటే తిండి, పిల్లల ఫీజు, బీపీ మాత్ర కావాలి, అది కూలిలో కలిసే ఉంటుంది. అందుకే ముప్పై ఐదు రెట్లు తేడా. డీజిల్ గొప్పగా కష్టపడుతుందని కాదు, డీజిల్‌కి ఇల్లూ వాకిలీ లేదు.

ఎండ కూడా అంతే, ఇంకా ఎక్కువ. అది ఎవరికైనా దొరుకుతుంది కాబట్టి దాని పనికి ధర సున్నా. సముద్రం పక్కన ఎవడైనా మడి కట్టొచ్చు, అందుకే ఉప్పు చవక. ఎండకి మూత వేసి బిరడా పెట్టే దారి ఎవడైనా కనిపెట్టుంటే ఉప్పు అన్న చెప్పిన పదిహేను వేలు నిజంగానే వచ్చేవి, కాకపోతే అన్నకి కాదు, బిరడా వాడికి.

మా వాళ్ల తడబాటు ఏంటో కూడా చెప్తా. 1957లో రాబర్ట్ సోలో అనే ఆయన అమెరికా నలభై ఏళ్ల లెక్కలు తీసి, మనిషి గంటకి తీసే ఉత్పత్తి రెట్టింపైంది, అందులో యంత్రాలూ పెట్టుబడీ పెరగడం వల్ల వచ్చింది ఎనిమిదో వంతే, మిగతా ఏడు వంతులు టెక్నికల్ మార్పు అన్నాడు. 1987లో నోబెల్ వచ్చింది. ఆ లెక్కలో కూలీ ఉన్నాడు, పెట్టుబడి ఉంది, బొగ్గూ నూనే లేవు! తర్వాత రైనర్ క్యుమ్మెల్ అనే జర్మన్ ఫిజిక్స్ ఆయన, రాబర్ట్ ఎయర్స్, ఇట్లాంటి వాళ్లు ఎనర్జీని కూడా ఒక వరసగా పెట్టి చూస్తే ఆ మిగతా ఏడు వంతుల్లో చాలా భాగం మాయమైపోతుందన్నారు. మామూలు ఎకనామిస్టులు ఒప్పుకోరు, ఇంధనం ఖర్చు మొత్తం ఖర్చులో కొంచెమే కదా, దానికంత బరువు ఎట్లా ఇస్తావు అంటారు. నేను క్లాసులో ఒకటే అడుగుతా, కూరలో ఉప్పు ఖర్చు ఎంత, ఉప్పు తీసేస్తే కూర ఎంత అని.

ఉప్పుకొఠారు | ఆదివారం ఉదయం 9:31
అక్కా చివరికి నా ఉప్పు మీదే తెచ్చి పెట్టావు 😄 కానీ బాగా చెప్పావు. బిరడా మాట గుర్తు పెట్టుకుంటా

కువైట్‌లో_కావలోడు | ఆదివారం మధ్యాహ్నం 1:20
బిరడా అంటే ఏందో నన్నడగండి, పద్నాలుగేళ్లుగా బిరడా పక్కనే ఉంటన్నా. ఇక్కడ నూనె పడింది 1938లో, బుర్గాన్ అనే చోట, ఓడెక్కింది 1946లో. అంతకుముందు వీళ్లు సముద్రంలో మునిగి ముత్యాలు ఏరుకునేవాళ్లు, ఊపిరి బిగబట్టి, మన పల్లెకారోళ్లకన్నా కష్టం. అదే జనం, అదే ఇసక. కష్టం తగ్గింది, డబ్బు వచ్చింది. కోవూరు తమ్ముడి మాట ఇక్కడికైతే అచ్చంగా సరిపోద్ది.

కాకపోతే ఒకటి. నేను ఏసీ బండి తోలతా, బండి నిండా పెట్రోలు, చుట్టూ నూనె, మరి నాకు ఎంత? కావలిలో ఆటో తోలే నా తోడల్లుడికన్నా కాస్త ఎక్కువ, అంతే. నూనె పక్కన ఉంటే డబ్బు రాదు, నూనె నీ పేరున ఉంటే వస్తది. ఎండాకాలం 50 డిగ్రీల్లో రోడ్డు పని చేసే మనోళ్లని చూస్తే లీటర్‌కి ఐదుగురు అనే లెక్క నవ్వులాటగా అనిపించదు సార్

గెలాక్సీబండ | ఆదివారం మధ్యాహ్నం 3:45
చీమకుర్తి. గ్రానైట్ క్వారీలో ఇరవై రెండేళ్లు. మా నాయన రోజుల్లో ఉలి, సమ్మెట, వరసగా బెజ్జాలు వేసి మేకులు దిగ్గొట్టి బండ విడదీసేవాళ్లు. ఇప్పుడు వజ్రప్పూసల వైర్ సా (తీగ రంపం), కంప్రెసర్లు, ఎక్స్‌కవేటర్లు. పొద్దున ట్యాంకర్ వచ్చి డీజిల్ పోసి పోతేనే గుంట కదిలేది. మనుషులు ఎంత తగ్గారో కళ్లారా చూశా, అందులో మా బంధువులూ ఉన్నారు.

కానీ మీరంతా బలం గురించే మాట్లాడుతున్నారు మావా. నల్ల గెలాక్సీ అంటే ఆ నల్లరాయిలో బంగారు చుక్కలు, బ్రాంజైట్ అంటారు, అది మా దగ్గరే. బ్లాక్‌లో కంటికి కనపడని వెంట్రుకంత పగులుంటే ఎక్స్‌పోర్ట్ పోయి లోకల్ రేటుకి పడిపోద్ది. అది చెప్పేది మా దగ్గర అరవై దాటిన ఒక పెద్దాయన. సుత్తితో నాలుగు చోట్ల టంగ్ టంగ్ మనిపించి చెవి వంచి వింటాడు, తడిగుడ్డతో తుడిచి అది ఆరేటప్పుడు చూస్తాడు, పగులున్న చోట తడి గీతలాగా నిలబడిపోద్ది. ఇక్కడ కాదు అడుగు ఇవతల కొయ్యండి అంటాడు. ఆయన రోజంతా చేసే పని మాస్టారి 0.6 యూనిట్‌లో పదో వంతు కూడా ఉండదు. ఆయన రాని రోజు వైర్ సా స్టార్ట్ చెయ్యడానికి మా ఓనర్‌కి చెయ్యి రాదు.

డీజిల్ ఎంత పోసినా ఎక్కడ కొయ్యాలో డీజిల్‌కి తెలవదు

బ్యారన్‌బాబాయ్ | ఆదివారం సాయంత్రం 5:10
అదే మాట నేనూ. కొండపి దగ్గర పొగాకు మాది. బ్యారన్‌కి, అంటే ఆకు కాచే గదికి, కట్టె మామూలుగా కాదు, కిలో ఎండాకుకి నాలుగైదు కిలోల సరుగుడో తుమ్మో తగలెయ్యాలి. ఐదారు రోజులు రేయింబగళ్లు పొయ్యి. ఆకు పసుపు తిరిగిందాకా ఒక వేడి, ఆకు ఎండేదాకా ఒకటి, ఈనె ఎండేదాకా ఇంకోటి. థర్మామీటర్ ఉంది, కాదనను, కానీ మా బ్యారన్ మనిషి తలుపు సందులోంచి వాసన చూసి చెప్తాడు. పోయినేడు వాడు కూతురి పెళ్లికి పోతే నేనే కాచా, నిద్ర మత్తులో ఒక రాత్రి వేడి ముందే పెంచా, బ్యారన్ ఆకంతా మాడి గోధుమరంగు తిరిగింది. కట్టె అంతే పట్టింది, రేటు సగం కూడా రాలా. తప్పు ఎవరిదీ కాదు, నాదే

కోవూరుకుర్రోడు | ఆదివారం సాయంత్రం 6:00
సరే బలం వేరు తెలివి వేరు, ఒప్పుకుంటా. కానీ తెలివి కూడా బలం ఉంటేనే గదా పనికొచ్చేది. ఆ పెద్దాయన వినికిడి ఎంత గొప్పదైనా సమ్మెట రోజుల్లో రోజుకెన్ని బ్లాకులు తీసేవాళ్లు? ఇప్పుడెన్ని? యూరియా సంగతి చూడండి, 45 కిలోల బస్తా చెయ్యడానికి పట్టే గ్యాసు దాదాపు ముప్పై లీటర్ల డీజిల్‌తో సమానం, మనకి 266 రూపాయల 50 పైసలకి ఇస్తుండారు. ఎకరాకి రెండు మూడు బస్తాలు చల్లతాం. మనం తినే అన్నంలో సగం గ్యాసే అబ్బా.

గుంటకాపలా | ఆదివారం రాత్రి 8:25
కోవూరు బ్రో సైడే నేను. చెప్పుకోవడానికి బాధగా ఉండాది కానీ చెప్తా.

ఇందుకూరుపేట మండలంలో రెండు రొయ్యల గుంటలు, వనామీ. గుంటకి నాలుగు ఏరేటర్లు, నీళ్లు చిమ్మి గాలి కలిపే మోటార్లు, ఒక్కోటి రెండు హెచ్‌పీ. రాత్రి పూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతాది, పగలు నాచు ఇచ్చేది రాత్రి అదే తాగేస్తాది, తెల్లారుజామున మూడు నాలుగు మధ్య గండం. రెండేళ్ల కింద ఒక రాత్రి రెండు ముప్పావుకి కరెంటు పోయింది. జనరేటర్ సెల్ఫ్ కొడితే క్లిక్ మంటది, తిరగదు. బ్యాటరీ డౌన్. చూసుకోవాల్సింది నేనే, వారంగా రేపు రేపు అనుకున్నా.

నేనూ కాపలా తాతా ఇద్దరం గుంటలో దిగాం. ఆయన చేతిలో పడవ తెడ్డు, నా చేతిలో మేత తట్ట. నీళ్లు కొడతా ఉండాం, ఎగజల్లతా ఉండాం, నడుములోతు నీళ్లలో. పది నిమిషాలకి నాకు చేతులు లేవలా. తాత ఆగలా. టార్చి వేస్తే గట్టు చుట్టూ ఎర్రగా కళ్లు, రొయ్యంతా పైకి తేలి అంచుకొచ్చేసింది. ఐదుంబావుకి కరెంటొచ్చింది. పొద్దున ఏరి పోసుకుంటే అరవై కౌంట్ (కిలోకి అరవై రొయ్యలు) సరుకు, పెంట కింద పోయింది సగానికి పైన.

ఇప్పుడు మాస్టారి లెక్క పెట్టి చూశా. రెండు గుంటలకి ఎనిమిది ఏరేటర్లు, పదహారు హెచ్‌పీ, ఒక్కో హెచ్‌పీ పదిమంది. నూటఅరవై మంది రాత్రంతా తెడ్లేసే చోట ఇద్దరం దిగాం. అందులో ఒకడికి డెబ్బై ఏళ్లు

బుచ్చిమాస్టారు | ఆదివారం రాత్రి 8:50
నాయనా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. లెక్క మాత్రం సరిగ్గానే వేశావు. హెచ్‌పీ అంటే 746 వాట్లు, పదిమంది. ఆవిరి ఇంజన్ల జేమ్స్ వాట్ దొర ఆ కొలత పెట్టిందే గుర్రాలు వాడేవాళ్లకి ఇంజన్ అమ్మడానికి, ఇది ఎన్ని గుర్రాల పెట్టో చెప్పడానికి.

కూలోళ్లమ్మాయి | ఆదివారం రాత్రి 10:30
నేను మామూలుగా ఇక్కడ రాయను. విడవలూరు వైపు ఊరు మాది, అమ్మ, అమ్మమ్మ ఇద్దరూ నాట్లకీ కోతలకీ పోయినోళ్లే. పైన అన్నయ్య చెప్పిన అరవై డెబ్బై కూలీల్లో మా అమ్మమ్మ ఉండొచ్చు.

కోత కూలి అప్పట్లో డబ్బు కాదు, వడ్లు. కళ్లంలో కుంచంతో కొలిచి పోసేవాళ్లు. రైతు వీధి వాళ్లు కొలిచేటప్పుడు కుంచం తలకొట్టి కొలుస్తారని అమ్మమ్మ ఇప్పటికీ తిడతాది. కోతలయ్యాక చేలో పడిన వెన్నులు పిల్లలం పరిగె ఏరేవాళ్లం, నేనూ ఏరాను, ఒక సంచి అయితే పాలెం కొట్లో ఇచ్చి ఐసు కొనుక్కునేది. కోతలు అయ్యేసరికి ఏడాది తిండి ఇంట్లో ఉండేది. మిషన్ వచ్చాక ఆ వడ్లు లేవు, పరిగె లేదు. తిండి బియ్యం రేషన్ షాపు నుంచి వస్తున్నాయి. కాబట్టి డీజిల్ సంపద పుట్టించింది అంటే సరే, మా ఇంట్లోంచి మాత్రం ఒక గాదె పోయింది. ఇప్పుడు నాట్లకి కూడా బెంగాల్ నుంచి ముఠాలొస్తున్నాయి, ఎకరా లెక్కన గుత్త మాట్లాడుకుని, మావాళ్లకన్నా తక్కువకి.

రెండోది ఎవరూ అనలా, నేనే అంటా. మాకు గ్యాస్ వచ్చేదాకా అమ్మ పనికి పోయేముందు కంపకి పోయేది, చిల్లకంప కొట్టి మోపు కట్టి నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి ఏడు. తర్వాత పొగలో వంట. గ్యాస్ వచ్చాక రోజుకి రెండు గంటలు మిగిలాయి, ఆ రెండు గంటల్లో కుట్టుమిషన్ నేర్చుకుంది, ఆ కుట్టు డబ్బులే నా డిప్లొమా ఫీజు. ఇంధనం మనిషి పని తగ్గించింది అంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే. అక్కా, ఈ లెక్క మీ సోలో గారి లెక్కలో ఉంటుందా? అమ్మ మోపు మోసినన్నాళ్లూ ఆ పనికి ఎవరూ కూలి ఇవ్వలేదు కదా, మరి అది తగ్గితే సంపద పెరిగినట్టు ఎక్కడ రాస్తారు?

కాలేజీఅక్క | ఆదివారం రాత్రి 10:52
ఎక్కడా రాయరమ్మా. సిలిండర్ కొన్నట్టు రాస్తారు, కుట్టు డబ్బులు రాస్తే రాస్తారు. మోపు మాత్రం ఏ లెక్కలోకీ ఎక్కలేదు, దిగలేదు.

కోవూరు తమ్ముడూ, నీకొక హోంవర్క్. కూలీలతో కోయిస్తే నలభై ఐదు వేలు అయ్యేది, మిషన్‌తో పదమూడున్నర. ముప్పై వేల పైన మిగిలింది కదా. అది మీ ఇంట్లో ఉందా? చూసి చెప్పు.

సైలెంట్‌రీడర్ | ఆదివారం రాత్రి 10:55
పరీక్ష మొదలైంది 🙏

కోవూరుకుర్రోడు | సోమవారం రాత్రి 9:40
అక్కా మా నాయనతో కూర్చోని చూశా, గొడవ కూడా అయింది.

నాలుగెకరాల్లో రెండే మా సొంతం, రెండు కౌలు. మిషన్లు రాకముందు ఎకరాకి పుట్టి (మా దగ్గర 850 కిలోలు) వడ్లు కౌలు ఉండేదంట, ఇప్పుడు పుట్టిన్నర. ఎందుకు పెంచారు అంటే, మీకు కోత ఖర్చు తగ్గింది గదా అని ఓనర్ నోటితోనే అన్నాడంట! రెండెకరాల మీద పుట్టి వడ్లు అదనంగా ఆయనకి. అది తేమ లేకపోతే 2025-26 మద్దతు ధర క్వింటా 2369 లెక్కన ఇరవై వేలు. కౌలు చేలో మిగిలిందంతా అట్లా పోయింది, పైన కూడా కొంత. సొంత చేలో మిగిలింది ఎరువులూ మందులూ తినేశాయి, నాయన చెప్పలేకపోయాడు యాడ పోయిందో, గోడ మీద బొగ్గుతో రాసిన లెక్క చూపించాడు, సగం చెరిగిపోయింది.

మిషనోడి లెక్క కూడా అడిగా, ఆ డ్రైవర్ కుర్రోడు ఇంకా పక్క ఊళ్లోనే ఉండాడు. పదమూడున్నరలో డీజిల్ నాలుగు వేలు, ఆయనకి బత్తా, ఊళ్లో చేను చూపించిన మధ్యవర్తికి కమీషన్, మిగతాది సేలంలో ఉండే ఓనర్‌కి, ఆయన నెలనెలా ఫైనాన్స్ కంపెనీకి కట్టాల.

కాబట్టి నేను మొదట అన్న మాటలో సగం వెనక్కి తీసుకుంటా. కష్టం డీజిలే పడింది, అది మాత్రం వెనక్కి తీసుకోను. దాని కూలి మాత్రం నాకూ రాలా, అమ్మాయి వాళ్ల అమ్మమ్మకీ రాలా.

ఇంకో సంగతి, మిషన్ కోసిన వడ్లు పచ్చి. కుప్ప వేసి ఆరబెట్టిన రోజుల్లో ఈ బాధ లేదంట. 17 శాతం తేమ దాటితే సర్కారు కొనే సెంటర్లో తీసుకోరు, దళారి అయితే పుట్టికి పదిహేడున్నర వేలు అంటున్నాడు. అందుకని పధ్నాలుగు పుట్ల వడ్లు రోడ్డు మీద పోసి నేనూ నాయనా అమ్మా మూడు రోజులుగా కాళ్లతో తిరగేస్తుండాం. డీజిల్ మిగిల్చిన పని ఇది

ఉప్పుకొఠారు | సోమవారం రాత్రి 9:58
తమ్ముడూ రోడ్డు మీద ఉన్నయ్యా ఇంకా? మాకు సముద్రం వైపు మెరుపులు గట్టిగా ఉండాయి, గాలి తిరిగింది. పట్టలు కప్పుకో తొందరగా

కోవూరుకుర్రోడు | సోమవారం రాత్రి 10:01
పోతున్నా అన్నా

గుంటకాపలా | సోమవారం రాత్రి 10:20
మాకు కరెంటు పోయింది. జనరేటర్ ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది, కొత్త బ్యాటరీ. ఉప్పు అన్నా మీ మడులు?

బుచ్చిమాస్టారు | మంగళవారం ఉదయం 5:50
రాత్రి ఇక్కడ గంటన్నర కొట్టింది. అబ్బాయ్, వడ్లు తడిశాయా?

కోవూరుకుర్రోడు | మంగళవారం ఉదయం 7:15
చాలావరకు కప్పాం మాస్టారూ. వీధిలో జనమంతా వచ్చారు, పట్టల మీద రాళ్లు పెట్టేదానికి, పారలతో కుప్ప చేసేదానికి, పదిహేను మంది దాకా ఉంటారు, ఎవరినీ పిలవలా. రెండు పుట్లు తడిసినయ్. మళ్లీ పొయ్యాల ఎండ వస్తే

ఉప్పుకొఠారు | మంగళవారం ఉదయం 8:05
నావి మూడు మడులు గీకేదానికి రెడీగా ఉన్నయ్, రేపు గీకుదామనుకున్నాం. తెల్లారి పోయి చూస్తే నీళ్లు. రుచి చూశా, చప్పగా ఉంది. మాస్టారూ, మొన్నటి లెక్కలో ఇరవై రోజుల ఎండ కొట్టేసుకోండి